నేనెవర్ని అడగాలి?

(డిసెంబర్ 24, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున తెనాలిలో డిగ్రీ విద్యార్థుల ముందు ఒక కిరాణా కొట్టు యజమానురాలు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినపడుతోందా అమ్మా? సరే.

మేడం గారు పిలవటానికి కొట్టుకి వచ్చినప్పుడు నేనే అడిగా, ఇది కొనేవాళ్ళ రోజు కదండీ, అమ్మేవాళ్ళని పిలుస్తున్నారేంటి అని. ఆవిడ ఏమన్నారంటే, ప్రతి ఏడాదీ లాయరు గారో ఆఫీసరు గారో వచ్చి చట్టం చెప్పి వెళ్తున్నారు, పిల్లలేమో అన్నీ ఫోన్లో కొంటున్నారు, మీరు గల్లాపెట్టె దగ్గర కూర్చుని రోజూ ఏం చూస్తున్నారో అది చెప్పండి చాలు అన్నారు. సరే అని వచ్చాను. ఈ 24వ తారీఖే ఎందుకంటే 1986లో మన మొదటి వినియోగదారుల చట్టానికి రాష్ట్రపతి సంతకం అయింది ఈ రోజునే, అప్పటికి నేను ఇంకా స్కూల్లో ఉన్నా.

మా కొట్టు మామయ్యగారు పెట్టింది, 1971లో. నేను 1994లో ఈ ఇంటికి వచ్చా. అప్పటికే కొట్లో గల్లా పైన ఒక రేకు బోర్డు ఉండేది, నీలం రంగు మీద తెల్ల అక్షరాలు, "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని. మీరందరూ చూసే ఉంటారు, బట్టల కొట్లలో, చెప్పుల కొట్లలో, బిల్లు కింద కూడా ఇంగ్లీషులో వేస్తారు. మామయ్యగారికి ఆ బోర్డంటే దేవుడి పటం తర్వాత అదే.

2018 వానాకాలం అనుకుంటా, ఒకావిడ వచ్చింది. మా వీధి చివర జాకెట్లు కుట్టుకుంటుంది, పేరు చెప్పను. ముందురోజు రెండు కిలోల కందిపప్పు తీసుకెళ్ళింది, అది సంచీతో సహా తెచ్చి, కౌంటర్ మీద పేపర్ పరిచి, పప్పు మొత్తం కుమ్మరించింది. పైన పప్పు బాగానే ఉంది. చేత్తో ఇలా కింద నుంచి ఎత్తి చూపించింది, నాలుగైదు పలుకులు ఒకదానికొకటి అతుక్కుని సన్న దారం లాంటి గూడు, లోపల తెల్ల పురుగు. కొట్లో ఇంకో నలుగురు ఉన్నారు. మామయ్యగారు ఏమీ మాట్లాడకుండా వేలెత్తి బోర్డు చూపించారు. ఆవిడ బోర్డు చదివింది, చదివి, అరవకుండా, చాలా నెమ్మదిగా అంది: "బోర్డు రాసుకుంది మీరే, పప్పు ఇచ్చిందీ మీరే. మరి నేనెవర్ని అడగాలి?"

నాకు ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. నేను లేచి లోపలికెళ్ళి బస్తా విప్పించా, పైన అడుగు లోతు వరకు మంచి పప్పు, కింద అంతా పురుగు. ఆవిడకి వేరే బస్తాలోంచి తూచి ఇచ్చాం. కానీ అసలు పని ఆ తర్వాత మొదలైంది, ఆ బస్తాలోంచి ఇంకా ఎవరెవరికి పోసాం? పద్దు పుస్తకం తీసి చూస్తే ఐదిళ్ళు తేలాయి, ఖాతా లేకుండా డబ్బులిచ్చి తీసుకెళ్ళిన ఇద్దరు మా గుమస్తాకి గుర్తున్నారు, ఒకాయన రైల్వేలో చేస్తారు, ఇంకో ఆవిడ మూడో లైన్లో టీచరు. ఆ సాయంత్రం లోపల ఏడిళ్ళకీ కబురు వెళ్ళింది, పప్పు వండకండి తెచ్చేయండి అని. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి వచ్చిన బస్తా అది, ఆ షావుకారు సగం నష్టం ఒప్పుకున్నాడు, సగం మేం పెట్టుకున్నాం. ఆ నెలలోనే బోర్డు తీసేసాం. మామయ్యగారు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

ఎందుకు చెప్తున్నానంటే ఆ బోర్డు ఇవ్వాళ చట్టప్రకారం కూడా తప్పే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది కదా, అందులో సరుకులో లోపం ఉంటే బిల్లులో రాసిన గడువు లోపల, గడువేమీ రాయకపోతే 30 రోజుల లోపల వాపసు తీసుకోకపోవటం అనుచిత వ్యాపారం కిందకొస్తుంది, బిల్లు ఇవ్వకపోవటం కూడా అదే కిందకొస్తుంది. రేపు ఎక్కడైనా ఆ బోర్డు కనపడితే మర్యాదగా చెప్పండి, అన్నా ఇది ఇప్పుడు చెల్లదు అని.

ఇక ఆన్‌లైన్ సంగతి. నేను ఆన్‌లైన్‌కి శత్రువుని కాదమ్మా, ముందే చెప్తున్నా. మనూళ్ళో దొరకని వస్తువు ఇంటికొస్తోంది అంటే అది పెద్ద సుఖం. ఫ్లిప్‌కార్ట్ 2007లో పుస్తకాలు అమ్మటంతో మొదలైంది, 2010లో వాళ్ళు వస్తువు చేతికొచ్చాకే డబ్బులివ్వండి అన్నాక జనానికి ధైర్యం వచ్చింది, 2013లో అమెజాన్ ఇక్కడికొచ్చింది. పోటీ పరీక్షల పుస్తకం కోసం ఒకప్పుడు విజయవాడ ఏలూరు రోడ్డుకి రైలెక్కి పోవాల్సిన పిల్లలు ఇవాళ హాస్టల్ రూమ్‌లో కూర్చుని తెప్పించుకుంటున్నారు. అది బాలేదని నేనెలా అంటాను?

కానీ నాకు జరిగింది కూడా చెప్పాలి. రెండేళ్ళ కిందట మా అమ్మాయి ఒక యాప్‌లో టేబుల్ టాప్ గ్రైండర్ బుక్ చేసింది నాకోసం. వచ్చింది, విప్పితే లోపల రాయి బీట పడి ఉంది. ఫోటోలు తీసి పెట్టాం. అవతల మాట్లాడేది మనిషి కాదు మెషీన్, మనం ఏం రాసినా నాలుగు బటన్లు చూపిస్తుంది, నాలుగింట్లో మన సమస్య ఉండదు. తీసుకెళ్ళటానికి ఒకబ్బాయి వచ్చాడు, బాక్స్ చిరిగింది కాబట్టి తీసుకోను అన్నాడు, పాపం వాడికి అలా చెప్పమని చెప్పారు, వాడిమీద నాకు కోపం లేదు. మర్నాడు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారం అయింది అని. రాయి అలాగే ఉంది నట్టింట్లో. పదిహేడు రోజులు. అన్ని రోజులూ నాకు ఆ జాకెట్లు కుట్టే ఆవిడే గుర్తొచ్చింది, నేనెవర్ని అడగాలి అంది కదా, ఇప్పుడు నా పరిస్థితి అదే, ఆవిడకి కనీసం ఎదురుగా మా మామయ్యగారు ఉన్నారు.

చివరికి మా అమ్మాయి ఏం చేసిందంటే, 2020 జులైలోనే ఈ-కామర్స్ రూల్స్ అని విడిగా వచ్చాయి, అవి చదివింది. ప్రతి ఆన్‌లైన్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ అని ఒక మనిషిని పెట్టాలి, ఆ మనిషి పేరు, కాంటాక్ట్ వివరాలు కనపడేలా ఉంచాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి. అమ్మేవాడు కూడా వస్తువు పాడైనా, చెప్పినదానికి తేడాగా వచ్చినా వెనక్కి తీసుకోను అనటానికి లేదు. ఆ ఆఫీసర్ పేరు యాప్‌లో ఎక్కడో అట్టడుగున, చిన్నక్షరాల్లో ఉంది. ఆయనకి రూల్ సహా మెయిల్ పెడితే నాలుగో రోజు కొత్త గ్రైండర్ వచ్చింది. అంటే అడగటానికి మనిషి ఉన్నాడు, వెతికితే గానీ కనపడని చోట ఉన్నాడు అన్నమాట. ఫోన్లు తీసి రాసుకోండి, వినియోగదారుల నేషనల్ హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు, ఐదు లక్షల లోపు సరుక్కి ఫీజు లేదు, కంపెనీ బెంగుళూరులో ఉన్నా మీరు తెనాలిలో ఉంటే ఇక్కడ మన గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఇదివరకు ఈ సౌకర్యం లేదు, ఇప్పుడు ఈ-జాగృతి అనే పోర్టల్‌లో ఇంట్లోంచే వేయొచ్చు.

రేట్ల సంగతి చెప్పమంటారేమో, చెప్తా. మీరందరూ అడిగేది ఇదే, ఆంటీ అదే డిటర్జెంట్ యాప్‌లో తక్కువకి వస్తోంది, మీరు ఎక్కువ లాభం వేసుకుంటున్నారా అని. నా గల్లా లెక్క చెప్తాను. వంద రూపాయలు ఎంఆర్‌పీ ఉన్న ప్యాకెట్ ఏజెన్సీ వాళ్ళు మాకు 89కో 90కో వేస్తారు, డజనుకి ఒకటి ఫ్రీ అని స్కీమ్ ఉన్న నెలలో ఇంకొంచెం కలిసొస్తుంది. ఆ పది రూపాయల్లోనే కరెంటు, గుమస్తా జీతం, ఎలకలు కొరికినవి, డేట్ అయిపోయాక ఏజెన్సీ వాళ్ళు వెనక్కి తీసుకోనివి, అన్నీ పోవాలి. అదే ప్యాకెట్ యాప్‌లో ఒక్కోసారి 82కి చూసా నేను. అంటే నేను కొనే ధర కన్నా మీరు కొనే ధర తక్కువ! ఒకసారైతే నేనే యాప్‌లో ఆర్డర్ పెట్టి కొట్లో పెట్టుకుందామా అనుకున్నా, చాలా ఊళ్ళల్లో కొట్ల వాళ్ళు ఆ పని చేస్తున్నారు కూడా.

మరి వాళ్ళకెలా వస్తోంది? కొంత నిజంగానే కంపెనీ దగ్గర లారీలకి లారీలు కొనటం వల్ల. కొంత మాత్రం జేబులోంచి పెడుతున్న డబ్బు, ముందు జనానికి అలవాటు చేద్దాం తర్వాత చూసుకుందాం అని. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ కంపెనీ మన దేశంలో తన సొంత సరుకు పెట్టుకుని అమ్మకూడదు, అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ మధ్య సంత లాగా ఉండాలి, రూల్ అది, 2019 ఫిబ్రవరి నుంచి దాన్ని ఇంకా గట్టిగా చేశారు. 2020 జనవరిలో, వ్యాపారంలో పోటీ సరిగ్గా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ మీద విచారణకి ఆర్డర్ వేసింది, కొందరు అమ్మకందార్లకే పెద్దపీట వేస్తున్నారనీ, డిస్కౌంట్లు మరీ లోతుగా ఇస్తున్నారనీ ఫిర్యాదు. అవి పెద్దవాళ్ళ గొడవలు, కోర్టుల్లో తేలాలి. నేను చెప్పేది ఒక్కటే, ఎనభైరెండు చూసి ఆంటీ దొంగ అనుకోవద్దు.

ఇంకోటి. ఆ ఎనభైరెండు చూసి ఆగిపోకండి, చివరి స్క్రీన్ దాకా వెళ్ళండి. హ్యాండ్లింగ్ చార్జ్, ప్లాట్‌ఫామ్ ఫీజు, తక్కువ కొన్నారని ఒక చార్జ్, వాన పడుతోందని ఒక చార్జ్. ముందు తక్కువ రేటు చూపించి చివర్లో ఒక్కొక్కటీ కలపటాన్ని, మనం వేయనిది మన బుట్టలో వేయటాన్ని, ఇంకా రెండే ఉన్నాయి త్వరపడండి అని అబద్ధంగా కంగారు పెట్టటాన్ని, ఇలాంటివి 13 రకాలు లెక్క రాసి 2023 నవంబర్ 30న కేంద్రం వద్దు అంది, డార్క్ ప్యాటర్న్స్ అంటారు వాటిని. మా పక్కింటబ్బాయి విజయవాడలో రూమ్‌లో ఉంటాడు, పది నిమిషాల్లో సరుకు వస్తుంది వాడికి. పెరుగు ప్యాకెట్ కావాలి, ఫ్రీ డెలివరీకి ఇంకా అరవై రూపాయలు తక్కువ, సరే అని చిప్స్ వేశాడు, చాక్లెట్ వేశాడు. ముప్ఫై రూపాయల పెరుగు కోసం వంద ఖర్చు. వాడే చెప్పాడు నాకు, నెలాఖరున లెక్క చూసుకుని.

బియ్యం గురించి కూడా కాసేపు చెప్తా, అది నాకిష్టమైన సబ్జెక్టు. మీ ఇళ్ళల్లో 26 కిలోల బస్తా చూస్తున్నారు కదా, ఎందుకు 26, ఎప్పుడైనా ఆలోచించారా? 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే ఐదు శాతం జీఎస్టీ వేశారు. పైన ఒక్క కిలో కలిపితే పన్ను లేదు. అంతే, చాలా మిల్లులు 26కి మారిపోయాయి. కామర్స్ చదువుతున్నారు కాబట్టి చెప్తున్నా, ఒక నోటిఫికేషన్ మీ వంటింట్లో బస్తా సైజు మార్చేసింది.

ఇప్పుడు ఆ బస్తా ఫోన్లో చూస్తే బొమ్మ, బరువు, రేటు. దాని మీద రకం పేరు కూడా ఉంటుంది. బాపట్లలో 1986లో విడుదలైన సాంబ మసూరి, బీపీటీ 5204, అదే మన ఇళ్ళల్లో తినేది ఎక్కువ. కానీ కొత్త బియ్యమా పాత బియ్యమా? కొత్తవైతే ఎసరు తగ్గించాలి, లేకపోతే అన్నం ముద్దయిపోతుంది, పాతవైతే నీళ్ళు ఎక్కువ పడతాయి, అన్నం కూడా ఎక్కువవుతుంది, పొడిపొడిగా వస్తుంది. షుగరున్న ముసలాయన ఉన్న ఇల్లు ఒకలా అడుగుతుంది, చంటిపిల్ల ఉన్న ఇల్లు మెత్తగా కావాలంటుంది, హాస్టల్ వాడు ఇంకోలా అడుగుతాడు. నేను బస్తాకి కన్నం పెట్టి గుప్పెడు తీసి అరచేతిలో వేసి చూపిస్తా, రెండు గింజలు పంటికింద కొరికి చూడమంటా, టక్కున విరిగితే పాతవి. మినపగుళ్ళు కూడా అంతే, మన తెనాలి చుట్టుపక్కల వరి కోతల వేళ ఆ పదును మీదే మినుము వేస్తారు, ఆ కొత్త పంట పప్పు రుబ్బితే ఒదుగు వేరు, నిల్వ పప్పు వేసి ఇడ్లీ రాలేదని కోడలిని అన్న అత్తగార్లు ఉన్నారు. పసుపు దుగ్గిరాల నుంచి, మిరపకాయ గుంటూరు నుంచి, రెండూ మనకి పక్కనే, అవి ఎక్కడో గోడౌన్‌కి వెళ్ళి కవర్లో పడి మళ్ళీ మనకే రావటం చూస్తే నాకు బాధేస్తుంది, ఏం చేయను.

అందుకని నేను మా ఇంటికి ఎలా కొంటానో చెప్తా. ఛార్జర్, పుస్తకం, ఎక్కడా దొరకని స్పేర్ పార్టు, ఇవి ఆన్‌లైన్. చేత్తో పట్టుకుని, వాసన చూసి, రేపు తేడా వస్తే వెళ్ళి అడగాల్సినవి, ఊళ్ళో. బట్టలు ఇంకా మా అమ్మాయికీ నాకూ వాదనే.

అప్పు సంగతి చెప్పకుండా దిగితే నాకు తృప్తి ఉండదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా ఖాతాలో 43 ఇళ్ళు ఉండేవి. పొద్దున కాసేపే తెరవనిచ్చేవాళ్ళు. హోటల్లో పనిచేసేవాళ్ళు, ఆటోవాళ్ళు, పెళ్ళిళ్ళకి షామియానాలు వేసేవాళ్ళు, ఒక్కరికీ పని లేదు. ఎవరూ వచ్చి అప్పివ్వమని అడగలేదు, అది గమనించండి, వాళ్ళు రావటమే మానేశారు. ప్రతివారం వచ్చే మనిషి రాలేదంటే నాకు తెలుస్తుంది కదా. మా ఆయన సైకిల్ మీద వెళ్ళి బియ్యం, పప్పు, నూనె గుమ్మంలో పెట్టి పద్దు రాసుకునేవారు. దాంట్లో చాలామంది ఏడాదికో ఏడాదిన్నరకో తీర్చేశారు, నాలుగిళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయాయి, ఒక ఇంట్లో ఆయనే పోయారు, ఆ పేజీ నేను కొట్టేశాను. ఇప్పుడు ఫోన్లో కూడా అప్పు ఇస్తున్నారు, ఇప్పుడు కొను తర్వాత కట్టు అని. తేదీ దాటితే ఫైన్ పడుతుంది, అప్పులు సరిగ్గా కడుతున్నామా లేదా అని చూపించే సిబిల్ స్కోరు పోతుంది. ఆ మెషీన్‌కి వాళ్ళింట్లో ఏం జరిగిందో తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరం కూడా దానికి లేదు.

మా తప్పులు కూడా చెప్పాలి, లేకపోతే ఇది కొట్టు ప్రచారం అయిపోతుంది. కూల్‌డ్రింక్ మీద కూలింగ్ చార్జ్ అని ఎంఆర్‌పీ కన్నా రెండు రూపాయలు ఎక్కువ తీసుకునే కొట్లు ఉన్నాయి, అది చట్టప్రకారం తప్పు. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టే కొట్లు ఉన్నాయి. కాటాకి ఏటా తూనికలు కొలతల వాళ్ళ ముద్ర ఉండాలి, చాలామంది పట్టించుకోరు. మీరు కాటా ముందు నిలబడినప్పుడు మొదట సున్నా చూడండి, సున్నా చూశాకే సరుకు వేయించుకోండి, నా కొట్లో కూడా. కొంతమంది షాపువాళ్ళు మనిషి బట్టలు చూసి మాట్లాడతారు, చెప్పులు లేని మనిషిని ఎంతసేపైనా నిలబెడతారు. ఒకమ్మాయి నాతో చెప్పింది, ఆంటీ నేను శానిటరీ ప్యాడ్లు ఆన్‌లైన్‌లో కొంటా, కొట్లో వాళ్ళు నల్ల కవర్లో చుట్టి ఏదో తప్పు చేసినట్టు ఇస్తారు అని. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? అలాంటివి మేం మార్చుకోకపోతే మీరు ఫోన్లో కొంటే మాకు అడిగే హక్కు లేదు.

టైమ్ ఎంతైంది మేడం? ఇంకో ఐదు నిమిషాలా. సరే ఎవరైనా అడగండి.

(ఒక విద్యార్థి: మా నాన్నగారికి వేమూరు దగ్గర చిన్న కొట్టు ఉందండి. యాప్‌లో పెడదామా అంటున్నాను. ఆయన వద్దు, జీఎస్టీ గొడవలు అంటున్నారు.)

మంచి ప్రశ్న నాన్నా. జీఎస్టీ గొడవ ఇదివరకు ఉండేది నిజమే, కాంపోజిషన్ అని చిన్నవాళ్ళకి ఒక తేలిక జీఎస్టీ పద్ధతి ఉంది, అందులో ఉన్న వ్యాపారి ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ మీద అమ్మటానికి లేదు. 2023 అక్టోబర్ 1 నుంచి మన రాష్ట్రం లోపల అమ్ముకోవచ్చు అన్నారు. ప్రభుత్వం వాళ్ళ ఓఎన్‌డీసీ అనే ఆన్‌లైన్ నెట్‌వర్క్ కూడా ఉంది, చిన్న కొట్లు కూడా ఆన్‌లైన్‌లోకి రావాలని పెట్టిందే. మీ ఆడిటర్ గారిని ఒకసారి కనుక్కుని దిగండి. కానీ దానికి ముందు వాట్సాప్ పెట్టించు మీ నాన్నగారితో. మా దగ్గర ఇప్పుడు నెల సరుకుల చీటీలు సగం ఫోటోలే. ఇక్కడివాళ్ళ పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటారు, ఇక్కడ అమ్మానాన్నలకి సరుకులు వేయమని మెసేజ్ పెట్టి డబ్బులు అకౌంట్లో వేస్తారు. ఒకబ్బాయికి నేనే తిరిగి ఫోన్ చేశా, నాన్నా అమ్మగారు రెండు నెలల నుంచి బియ్యం సగానికి సగం తగ్గించారు, ఒకసారి మాట్లాడి చూడు అని. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు తర్వాత.

ఇంకో చిన్న పని చేయమను. ఫోన్ ఆర్డర్ కదా, కొన్నవాళ్ళు కాటా దగ్గర ఉండరు. మేం ఏదైనా విడిగా తూచి కట్టేటప్పుడు, ముందు ఖాళీ కాటా సున్నా ఫోటో, తర్వాత సరుకు పెట్టాక బరువు ఫోటో, రెండూ వాళ్ళకి పంపిస్తాం. బిల్లు కింద నా ఫోన్ నంబర్ ఉంటుంది, దాని పక్కనే రాయించా, తేడా ఉంటే ఈ నంబరుకి చేయండి, సరుకు మేమే వచ్చి తీసుకెళ్తాం అని. ఆ రేకు బోర్డు ఉన్న చోట గోడ మీద కూడా ఇప్పుడు అదే రాయించాం. జాకెట్లు కుట్టే ఆవిడే అక్షరాలు ఇంకొంచెం పెద్దగా రాయించండి అంది, పెద్దగానే రాయించాను.